ఐదో వార్డు నడిమి తలుపు

మా అత్త జగ్గమ్మకి లోకంలో గిట్టని మనిషి ఒక్కతే. ఆ ఒక్క మనిషీ రోజూ మా ఇంట్లోంచే అటూ ఇటూ తిరిగేది. మా చిన్నత్త లక్ష్మీనరసమ్మ, అంటే మా మావ తమ్ముడి పెళ్లాం. తోడికోడళ్లిద్దరికీ తగువేమీ లేదు. తగువుంటేనే బాగుండేదని ఆ ఎండాకాలం నాకు చాలాసార్లు అనిపించింది. తగువైతే పెద్దమనుషులు కూర్చుని తీరుస్తారు. అసూయ తీర్చడానికి పెద్దమనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తాం?

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది తిరక్కముందే, రెండువేల పదమూడు వేసవిలో, వార్డుల గొడవ వచ్చిపడింది. భావనపాడు దారిలో సముద్రానికి దగ్గరగా ఉన్న దిబ్బలమెరక మా ఊరు. వరి, జీడితోటలు, కొబ్బరి, మిగతాదంతా ఇసుక. ఎక్కడ తవ్వినా నీళ్లు పడతాయి, నోట్లో పోసుకుంటే ఉప్పు. మా రెండు వీధులకీ తాగే నీళ్లిచ్చే నుయ్యి ఒక్కటే, అది మా చిన్నత్త పెరట్లో ఉంది.

ఆ నుయ్యి ఆవిడ వాటాకి ఎలా వచ్చిందో చెప్పకపోతే మా అత్త బాధ మీకు అర్థం కాదు. ఒకప్పుడు ఇల్లంతా ఒక్కటే. పెద్దవీధిలో అరుగుతో మొదలై, పెరడు దాటి, వెనకసందులో తేలే పొడుగాటి ఇల్లు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు మా వైపు ఆచారం ప్రకారం పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు కోరుకోవాలి. వేసింది పేరుకి మా మావ నరసింగరావు. గీత ఎక్కడ గీయాలో చెప్పింది మాత్రం మా అత్త. వీధి అరుగు, నడిమిల్లు, ధాన్యం గాదె ఒక వాటా. వెనక వసారా, పెరడు, పూడిపోయిన పాత నుయ్యి ఇంకో వాటా. ఎక్కడ ముందు వాటా అడుగుతారో అని ఆ పూట మా అత్త అన్నం ముట్టలేదట. చిన్నమావ రాముడు పెళ్లాం మొహం చూశాడు. చిన్నత్త వెనక వాటా కోరుకుంది. మా అత్త ప్రాణం కుదుటపడింది. ఆ మరుసటేడు చిన్నత్త నూతి పూడిక తీయిస్తే తియ్యటి నీళ్లు పడ్డాయి.

"దానికి ముందే తెల్సే. తెలిసే కోరుకున్నాది," అనేది మా అత్త. పూడిపోయిన నూతి అడుగున ఏ నీళ్లున్నాయో ఎవరికైనా ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అసలు పీకులాట నడిమి తలుపుతో. మా నడిమింటికీ చిన్నత్త వసారాకీ మధ్య ఆ తలుపు పాతకాలం నాటిది, వేరుపడ్డాక కూడా ఎవరూ మూయలేదు. పెద్దవీధి ఆడవాళ్లు నూతికి వెళ్లాలంటే వీధి చివరిదాకా నడిచి, మలుపు తిరిగి, వెనకసందంతా మళ్లీ నడిచి రావాలి. లేదంటే మా ఇంట్లోంచి అడ్డంగా పోవాలి. ఎండలో బిందె చంకనెట్టుకుని ఎవరు చుట్టూ తిరుగుతారు? తెల్లారింది మొదలు మా నడిమిల్లు బాట అయిపోయేది.

"ఏటి జగ్గమ్మొదినా, వంటయిందేటి?" అని నడుస్తూనే అడిగేవారు. మా అత్త నోరు తెరిచేలోగా తలుపు దాటేసేవారు. అవతల మాత్రం ఎవరికీ తొందర ఉండేది కాదు. కోడలి మీద కోపాలు, మొగుడి మీద ఫిర్యాదులు, పిల్లల జ్వరాలు, అన్నీ చిన్నత్త ముందు దింపుకుని, బిందె మాత్రం ఎత్తుకుని వచ్చేవారు. మధ్యమధ్య నవ్వులు. పెద్దగా ఎవరైనా నవ్వితే మా అత్త చేతిలో కత్తిపీట ఆగిపోయేది.

"ఏటే ఆ నవ్వు? నా మీదేనా?"

"కాదత్తా, ఏదో సినిమా గురించి."

"సినిమా గురించైతే నాకు సెప్పకూడదేటి? నాను సినిమాలు సూణ్ణేటి?" ఒక వంకాయ ముక్కని అవసరం కంటే గట్టిగా కోసేది. "ఇది ఇల్లు కాదే ఝాన్సీ, దారి. దార్లో కూకున్న మనిసికి నాలాగే ఉంటాది."

పరాయి ఆడవాళ్ల సంగతి అలా ఉంచండి, కన్నకొడుకు కూడా అంతే. మా ఆయన తిరుమలరావు మధ్యాహ్నం పొలం నుంచి వచ్చేసరికి అత్త గ్లాసుతో నీళ్లు పట్టుకుని ఎదురుగా నిలబడేది. ఆ మనిషి గుమ్మంలో చెప్పులు వదిలి, "పిన్నీ, నీళ్లు!" అని అరుస్తూ తల్లిని దాటి తలుపులోంచి వెళ్లిపోయేవాడు. చిన్నతనం నుంచి అలవాటు, అందులో వేరే ఉద్దేశం లేదు. అత్త ఆ గ్లాసు నీళ్లు తానే తాగేసేది. అవీ ఆ నూతి నీళ్లే.

ఇలా ఉండగా కార్యదర్శి విజయ్‌కుమార్ తుఫాను షెల్టర్ గోడకి కొత్త వార్డుల ప్రతిపాదన అంటించాడు. రెండేళ్లుగా మాకు పంచాయతీ ఎన్నికలు లేవు. ఇప్పుడు జరుపుతారట, ఊరు పెరిగింది గనక ముందు వార్డుల హద్దులు కొత్తగా గీస్తారట, అభ్యంతరాలుంటే వారంలోగా రాసివ్వాలట. పెద్దవీధి ఐదో వార్డు. వెనకసందు, దాని వెనకున్న పాకలు ఆరో వార్డు. చిన్నత్త గుమ్మం సందులోనే ఉన్నా, వేరుపడ్డప్పుడు ఇంటి నంబరు మాదే ఉంచి పక్కన ఒక 'ఎ' తగిలించారు. నంబర్లు చూసి గీసిన గీత కాబట్టి ఆవిడ కూడా పెద్దవీధిలోనే, ఐదో వార్డులోనే పడింది.

ఐదో వార్డు ఆడవాళ్లకే వస్తుందని ఊళ్లో ముందే గుసగుసలు బయల్దేరాయి. ఆ మాట విన్న సాయంత్రం మా అత్త అరుగు కడిగి, మంచి చీర కట్టుకుని కూర్చుంది. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. మావ అన్నం తింటున్నప్పుడు తనే బయటపెట్టింది.

"నాను మెంబరుకి నిలబడతాను."

మావ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. "నీకెందుకే ఆ గోల? సంతకం పెట్టడానికే గంట పడతాది నీకు."

"పట్టనీ. నా సంతకం కోసం గంట కూకుంటారు జనం. నా గుమ్మంలో కూకుంటారు."

మావ మళ్లీ నవ్వలేదు. ఆవిడకి కావలసింది పదవి కాదు. ఎవరైనా ఆ ఇంటికి వచ్చి, తలుపు దాటి పోకుండా, తన దగ్గరే ఆగడం.

మర్నాడు నా ముందు తెల్లకాగితం పెట్టింది.

"డిగ్రీ సదివావు కదే, రాయి. మాదీ దానిదీ ఒకిల్లు కాదు. పొయ్యిలు వేరు, గుమ్మాలు వేరు. దాన్ని ఆరో వార్డులో ఏసీమని రాయి."

"ఎందుకత్తా? సిన్నత్త నీకు పోటీగా నిలబడతానన్నాదేటి?"

"అదెందుకంటాది? అది ఊరుకున్నా జనం ఊరుకోరు. ఎత్తుకెల్లి కూకోబెడతారు. ఈ వార్డులో అదుంటే నా మొగం ఎవులు సూస్తారే?"

"పోనీ ఆవిడకొక మాట సెప్పి రాద్దాం."

"సెప్తే అదేటంటాదో నాకు తెల్సు. 'నీ ఇష్టం అక్కా' అంటాది. ఆ మాట వినలేకే నీ సేత రాయిస్తన్నాను."

రాశాను. అత్త నిజంగానే చాలాసేపు కూర్చుని దాని కింద సంతకం పెట్టింది.

అభ్యంతరం చూడ్డానికి మండలం నుంచి ఒక ఆఫీసరు మిట్టమధ్యాహ్నం నెత్తిన తువ్వాలు వేసుకుని వచ్చాడు, వెనకాల విజయ్‌కుమార్. ఆయన మా నడిమింట్లో అడుగుపెట్టేసరికి బిందెలతో ఆడవాళ్లు వరసగా వస్తున్నారు. ఆయన పక్కకి ఒదిగి దారి ఇవ్వాల్సి వచ్చింది.

"ఇది ఇల్లా రోడ్డా అమ్మా?"

"నాను సెప్తన్నాది అదే బాబూ," అంది మా అత్త. ఇన్నాళ్లకి ఒక గవర్నమెంటు మనిషికి తన కష్టం తెలిసిందని మురిసిపోయింది.

"తలుపుంది, అందరూ ఇటే తిరుగుతున్నారు. ఆవిడ కూడా వీధిలోకి ఇట్నుంచే వస్తుంది. మరి రెండిళ్లని ఎలా రాసుకోమంటారు? హద్దన్నాక సందో, కాలవో, గోడో ఏదో ఒకటి ఉండాలి కదా."

"గోడుంటే సాలా?"

"గోడుంటే వేరే సంగతి," అని ఆయన యథాలాపంగా అన్నాడు. ఈలోపు చిన్నత్త తలుపులోంచి వచ్చి చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన గటగటా తాగి, "నీళ్లు అమృతంలా ఉన్నాయమ్మా," అన్నాడు. తుది జాబితా వేసేముందు మళ్లీ ఒకసారి వచ్చి చూస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

"ఆడూ దాని నీళ్లే మెచ్చుకున్నాడు," అంది మా అత్త, ఆయన వీధి మలుపు తిరక్కముందే.

రెండో రోజు పొద్దున్న తాపీమేస్త్రి నూకయ్య ఇటుకలు దింపాడు. అప్పటికి గానీ మావకి విషయం అర్థం కాలేదు.

"ఒసే, నీకు మతి గానీ పోనాదేటి? మా నాయన పెట్టిన తలుపే అది!"

"మీ నాయన పెట్టి పోనాడు. ఈ దారి నా గుండెల మీంచి నడిసినాది. అడ్డం రాకు."

మావ తువ్వాలు దులిపి భుజానేసుకుని జీడితోటకి వెళ్లిపోయాడు. ఆయన పౌరుషమంతా తువ్వాలు దులపడంతో సరి.

తలుపు రెక్కలు ఊడదీసి నూకయ్య వరస మీద వరస పేర్చుకుంటూ పోయాడు. నేను సిమెంటు తట్ట అందిస్తూ అక్కడే ఉన్నాను. అవతల చిన్నత్త వచ్చి నిలబడింది. గొడవ పడుతుందేమోనని మా అత్త కొంగు బిగించింది. చిన్నత్త నూకయ్యకి మజ్జిగ తెచ్చింది.

"ఎండగా ఉన్నాది, తాగి కట్టు," అంది.

గోడ ఆవిడ నడుము దాకా వచ్చింది, భుజాల దాకా వచ్చింది. ఇక బిందె పట్టేంత సందు మిగిలినప్పుడు నన్ను పిలిచింది. "ఝాన్సీ, నీ బిందె ఇటియ్యే. ఇయ్యాల్టికి సుట్టూ తిరక్కుండా తోడిచ్చీస్తాను."

నేను అత్త వైపు చూశాను. అత్త గాదె వైపు చూసింది. బిందె ఇచ్చాను. నిండుగా తిరిగి వచ్చింది. చివరి ఇటుకలకి ముందు చిన్నత్త కళ్లు, బొట్టు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అక్కా, నీకు అలికిడి తగ్గుతాదిలే. మద్దినేలప్పుడు కాసేపు నడుం వాల్చుకో," అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఎక్కడ దాగిందో అని మా అత్త సాయంత్రం దాకా వెతికింది. ఉంటే గదా దొరకడానికి. దొరకనందుకే ఇంకా మండిపడింది.

ఆఫీసరు అన్నమాట ప్రకారం వచ్చాడు. తడి ఆరని గోడని చూశాడు, మా అత్తని చూశాడు, విజయ్‌కుమార్‌ని చూశాడు. అందర్నీ చుట్టూ తిప్పి సందులోకి తీసుకెళ్లి, చిన్నత్త గుమ్మం ముందు నిలబడ్డాడు. సగం వీధి అక్కడే ఉంది.

"చూడండమ్మా, మీ నంబరు పెద్దవీధిది, గుమ్మం సందులోది. అటు వేసినా ఇటు వేసినా తప్పు లేదు. ఇంటి మనిషి మీరు గనక అడుగుతున్నాను. ఎటు వెయ్యమంటారు?"

మా అత్త చిన్నత్త మొహంలోకి చూసింది. కాగితం, గోడ, అంత శ్రమా పడి, చివరికి మళ్లీ ఆ మనిషి నోటి మాట కోసం ఎదురుచూడ్డమే మిగిలింది. చిన్నత్త 'ఐదు' అంటే చాలు, అంతా వృథా. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా అదే అనమని కళ్లతో సైగలు చేస్తున్నారు.

"మా ఇంట్లో పెద్దోలు పంచుతారు, సిన్నోలు కోరుకుంటారు బాబూ," అంది చిన్నత్త. "మా అక్క పంచీసినాది. నాను వెనకసందే కోరుకుంటన్నాను."

విజయ్‌కుమార్ రాసుకున్నాడు. అంతే. మా అత్త కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. పెద్దవీధి ఇక తనది. ఇంటికి తిరిగొచ్చాం. అరుగు ఎక్కాక నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒసే, ఆరో వార్డులో ఏటుందే?"

"ఏటీ లేదత్తా. పాకలున్నాయి."

"మరెందుకు కోరుకున్నాది? ఏదో ఉంటాది. సూడకుండా కోరుకోదు అది."

గోడ లేచాక మా ఇంట్లో అలికిడి తగ్గిన మాట నిజం. మరీ తగ్గింది. "వంటయిందేటి" అని అడిగే దిక్కు కూడా లేదు. అత్త పొద్దున్నే తయారై అరుగు మీద కూర్చునేది. ఆడవాళ్లు బిందెలతో మా గుమ్మం ముందు నుంచే వీధి చివరికి నడిచేవారు, కావాలని నీళ్లు తొణికిస్తూ తిరిగి వచ్చేవారు, తల తిప్పి చూసేవారు కాదు. ఇంట్లో జనం నడుస్తున్నప్పుడు తనని దాటిపోతున్నారని ఏడ్చింది. ఇప్పుడు దాటడానికి కూడా ఎవరూ రావడం లేదు.

నూతి నీళ్లు ఇంట్లోకి రానివ్వనంది. వీధి బోరు నీళ్లతోనే వంట. ఆ నీళ్లలో పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉండేది. మావ ఆ పప్పు నములుతూ గోడ వైపు చూసేవాడు. మా ఆయన మాత్రం పొలం నుంచి సందులోకి పోయి, అక్కడ తాగి, అప్పుడు ఇంటికి వచ్చేవాడు. ఒకరోజు తల్లికి దొరికిపోయాడు.

"మూతి తడి సూడు! పాలు తాగిన పిల్లిలాగ!"

"దాహమైతే ఏటి సెయ్యమంటావే అమ్మా? నీ ఎలక్షనైనంత వరకూ దాహం ఆపుకోమంటావా?"

"మీ పిన్నినే ఓటడగమను నా తరపున!" అని విసిరింది అత్త. కోపంలో అన్న మాట. మా ఆయన భుజాలెగరేసి లోపలికి పోయాడు.

అనుకున్నట్టే ఐదో వార్డు ఆడవాళ్లకి వచ్చింది. మా అత్త నామినేషన్ వేసింది, గుర్తు గౌను. పోటీగా కిళ్లీ బడ్డీ దానమ్మ దిగింది. దానమ్మకి ఉపన్యాసాలు అక్కర్లేకపోయింది. "అమ్మల్లారా, గోడ లేసాక నడుం నొప్పులెలాగున్నాయి?" అని అడిగితే చాలు, వీధంతా పకపకా నవ్వేది. మా అత్త గౌను బొమ్మ కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది, నేను వెనకాల. ఆవిడకి ఓటు అడగడం చేతకాదు. "గౌను గుర్తు" అని కాగితం చేతిలో పెట్టి, ఇంకేం మాట్లాడాలో తెలియక నిలబడిపోయేది. ఎవరూ కూర్చోమనలేదు. ఒక ఇంట్లో మాత్రం మంచినీళ్లిచ్చారు. తాగబోయి రుచి తెలిసి ఆగింది, గ్లాసు చేత్తో అలాగే పట్టుకుని, తాగకుండా కింద పెట్టేసింది. నాకు ఒక్కసారిగా ఆవిడ మీద జాలి ముంచుకొచ్చింది. వెంటనే పప్పు గుర్తొచ్చి తగ్గింది.

చివరి వారంలో గాలి మారింది. ముందురోజు దాకా మొహం తిప్పుకున్నవాళ్లు "గౌనే కదా, తెలుసులే" అనడం మొదలెట్టారు. కొందరు కూర్చోమన్నారు. ఒకావిడ "వంటయిందేటి" అని కూడా అడిగింది, నిలబడి జవాబు విన్నది. మా అత్త ఒక్క వారంలో పదేళ్లు చిన్నదైంది.

"సూసావే, నాను తిరిగితే ఎలాగుంటాదో! నోరు లేదన్నారు గానీ నాకూ ఉన్నాది నోరు."

జూలైలో తొలి వానలకి బడి ఆవరణంతా బురద. ఆ బురదలోనే ఓట్లేశారు, మధ్యాహ్నమే లెక్కపెట్టేశారు. మా అత్త గుప్పెడు ఓట్ల తేడాతో గెలిచింది. మావ ఎప్పుడూ లేనిది బంతిపూల దండ తెచ్చి, వేసే ధైర్యం లేక నా చేతికిచ్చాడు. అరుగు నిండా జనం. అత్త లడ్డూల పళ్లెం తనే పట్టుకుని అందరికీ పంచింది. ఆ వీధి అంతమంది ఆవిడ గుమ్మంలో ఆగడం అదే మొదలు.

ముసలి లక్ష్మణమ్మ లడ్డూ నోట్లో పెట్టుకుని, చేత్తో మా అత్త చెంప నిమిరింది.

"అదృష్టవంతురాలివే జగ్గీ. ఎలాంటి తోటికోడలే నీకు! బిందె ఎత్తినప్పుడల్లా ఒకటే మాట. 'గౌను మీదే గుద్దు పిన్నీ, మా అక్క మాట రాని మనిసి గానీ మనసు మంచిది' అని. దాని మాట తీసీలేక గుద్దీసాను."

"నానూ అంతే," అంది పక్కావిడ.

"మాకూ సెప్పినాది," అన్నారు ఇంకెవరో.

పళ్లెం అత్త చేతిలో ఒరిగి, లడ్డూలు ఒక పక్కకి జరిగాయి. సరిచేసుకుంది. మిగిలినవాళ్లకి కూడా పంచింది. దండ తీసి గోడ మేకుకి తగిలించింది. ఆ గోడకే, నూకయ్య కట్టినదానికే.

మర్నాడు పొద్దున్న అత్త బిందె తీసుకుని బయల్దేరింది. నేను తెస్తానన్నా ఇవ్వలేదు. వెనకాలే వెళ్లాను. వీధి చివరిదాకా నడిచింది, మలుపు తిరిగింది, సందంతా నడిచింది. బిందెతో ఆ దారిన ఆవిడ ఎప్పుడూ నడిచి ఎరగదు, మధ్యలో ఆగి నడుం పట్టుకుని ఎంత దూరముందో చూసుకుంది. నూతి దగ్గర ఆడవాళ్లు గబగబా జరిగి చోటిచ్చారు. చిన్నత్త చేద వదిలేసి, "ఇటియ్యక్కా," అని చెయ్యి చాచింది.

"నా వంతు రానీ," అంది మా అత్త.

వంతు వచ్చేదాకా వరసలో నిలబడింది, కొత్త మెంబరు. వంతు వచ్చాక బిందె కింద పెట్టింది. చిన్నత్త చేద వేసి తోడసాగింది.

"ఎందుకు సెప్పావే వాలికి?"

"ఏటి?"

"నాకు ఓటెయ్యమని."

చిన్నత్త చేద పైకి లాగింది. "నన్నిటు ఏసీసావు కదక్కా. నీకు నానెయ్యడానికి లేకపోయినాది. ఎయ్యగలిగినోలికి సెప్పాను."

మా అత్త చేద మీద చెయ్యి వేసి ఆపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఒసే, ఒక్కటైనా నన్ను గెలుసుకోనియ్యవేటే నువ్వు? ఒక్కటైనా! ఇల్లు నానే పంచినా నువ్వే ఇచ్చినట్టున్నాది. వార్డు నానే కోసినా నువ్వే ఇచ్చినట్టున్నాది. నా కొడుక్కి దాహం తీర్సీది నువ్వు. ఇప్పుడు ఈ పదవీ నీ బిక్షేనా? నాను నీకేటీ ఇవ్వకుండానే సచ్చిపోవాలేటి?"

చిన్నత్త చేద వంచి తోడిన నీళ్లు బిందెలో పోసింది. మా అత్త బిందె ఎత్తుకుని, మళ్లీ ఆ చుట్టుదారినే, దారి పొడుగునా తొణుక్కుంటూ ఇంటికి వచ్చింది. ఆ రోజు పప్పు మెత్తగా ఉడికింది.

పంచాయతీ మొదటి సమావేశంలో మా అత్త లేచి నిలబడిందట. వెనకసందులో నూతి చుట్టూ సిమెంటు చప్టా వెయ్యాలంది. అది ఆరో వార్డు, ఆవిడకి సంబంధం లేదన్నాడు సర్పంచి.

"నుయ్యి ఆరో వార్డుదే బాబూ. బురదలో జారి పడతన్నాది నా వార్డు ఆడోలు. ఎయ్యకపోతే నాను ఇక్కణ్ణించి లెగను," అని కూర్చుందట. ఓటడగడానికి రాని నోరు దీనికి వచ్చింది.

వానలు తెరిపిచ్చాక చప్టా పడింది. నూకయ్యే వేశాడు. మా అత్త కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చుని, వాలు ఇటు పెట్టు, అంచు అటు తిప్పు అని వాణ్ణి కాల్చుకు తింది. పని అయ్యాక వాణ్ణి అట్నుంచటే మా నడిమింట్లోకి తీసుకొచ్చింది. గోడ పడగొట్టిస్తుందేమోనని మావ ఆశగా లేచి కూర్చున్నాడు. గోడలో ఒకే ఒక ఇటుక ఊడదీయించింది.

"గాలాడతల్లేదు," అంది.

గాలి సంగతేమో గానీ ఆ కంత పక్కనే పీట వేసుకుని కూరగాయలు తరిగేది. అవతల ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి, "చప్టా బాగుందే, ఎవులేయించారు?" అంటే కత్తిపీట ఆగేది. "మా అక్క ఏయించినాది," అని చిన్నత్త అనగానే కత్తిపీట మళ్లీ నడిచేది. ఆ పూట అత్త అన్నం మారు పెట్టించుకునేది. చిన్నత్త ఏ పనిలోనో ఉండి ఆ మాట అనకపోతే మాత్రం, ఇటుక తీసుకుని టక్కున కంత మూసేసేది.

ఇలా తెరుస్తూ మూస్తూ కొన్నాళ్లు గడిచాక, ఒక పొద్దున్న ఇటుక కనబడలేదు. అత్త ఇల్లంతా వెతికింది, మావని తిట్టింది, మా ఆయన్ని తిట్టింది, నన్ను కూడా వదల్లేదు. నీళ్లకి వెళ్లినప్పుడు నాకు కనబడింది. చిన్నత్త వసారాలో, నీళ్ల బిందె కింద, అది కదలకుండా ఒక పక్క ఆనుగా పెట్టి ఉంది. కంతలోంచి చెయ్యి పెట్టి ఎప్పుడు లాక్కుందో.

వచ్చి అత్తతో చెప్పాను. తెమ్మంటే తెస్తానన్నాను.

మా అత్త కంతలోంచి అవతలికి కాసేపు చూసింది.

"ఉండనీ," అంది. "తీస్తే ఆ బిందె ఒరిగిపోతాది."